సంతకానికి తప్ప చోటులేని డైరీ

మా అమ్మాయికి నాలుగేళ్లు నిండిన కొత్తలో బడి డైరీలో ఒక మాట వచ్చింది. "క్లాసులో అసలు మాట్లాడటం లేదు. ఇంట్లో మాట్లాడించండి." దాని కింద 'తల్లి/తండ్రి సంతకం' అని ఒక గీత. సంతకం పెట్టి డైరీ మూశాను. దాన్ని సంచిలో సర్దుతుంటే మా అమ్మాయి నా వీపు మీద వాలి, పొద్దున్నుంచీ అడుగుతున్నదే మళ్లీ అడిగింది: "అద్దంలో ఉన్న నేను పక్కకి వెళ్లిపోతే ఎక్కడికి వెళ్తాను?" ఆ వారమంతా అద్దం గోలే. అద్దం వెనక గోడ తడిమి చూసింది. చెంచాలో మొహం తలకిందులుగా ఎందుకుందని వాళ్ల అమ్మమ్మని నిలదీసింది. నిద్రలోకి జారుతూ కూడా, చీకట్లో అద్దం ఏం చేస్తుందని అడిగింది.

ఈ పిల్లని ఇంట్లో మాట్లాడించమన్నారు. చదవగానే నాకు కోపం రావాల్సింది, సిగ్గేసింది. ఎందుకంటే అంతకుముందు మూడేళ్లు నేనూ చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాను. ఇలాంటి వాక్యాలు నా చేత్తో ఎన్ని రాశానో లెక్కలేదు. రంగులు గుర్తుపట్టడం లేదు, ఇంట్లో నేర్పించండి. పెన్సిల్ సరిగా పట్టుకోవడం లేదు, ఇంట్లో అలవాటు చేయించండి. మూడేళ్లలో ఒక్క డైరీలోనైనా ఒక్క ప్రశ్న రాశానా అని ఆ రాత్రి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. రాయలేదు. 'మీవాడు ఇంట్లో దేనితో ఆడుకుంటాడు?' అని కూడా ఎవరినీ అడగలేదు. రాసినా జవాబు రాయడానికి చోటుండేది కాదు. ఉన్నది సంతకానికి ఒక గీత.

ఇల్లూ బడీ కలిసి పనిచేయాలంటే కాదనేవాళ్లు ఎవరూ లేరు. అయితే ఇప్పుడు ఆ పేరుతో జరుగుతున్నది చాలాచోట్ల ఒకటే: బడి తన పనిలో కొంత ఇంటికి పంపిస్తుంది, చేశారో లేదో సంతకం అడుగుతుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల విషయంలో ఇది తిరగబడాలని నేననుకుంటున్నాను. ఈ వయసులో కబురు ఎక్కువగా వెళ్లాల్సింది ఇంటి నుంచి బడికి. పిల్ల ఏం చూస్తోంది, ఏం అడుగుతోంది, దేనికి భయపడుతోంది, ఏ మాటకి ఏ అర్థం పెట్టుకుంది అన్నవి టీచరుకి తెలియకుండా మొదలుపెట్టే చదువు గుడ్డిగా మొదలవుతుంది.

ఒకే పిల్ల, రెండు చోట్ల

మా అమ్మాయి సంగతి వింత కాదని నాకు తర్వాత తెలిసింది. బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్‌లో, నాలుగేళ్లు నిండబోతున్న 30 మంది ఆడపిల్లల మాటలు రికార్డు చేశారు. పొద్దున నర్సరీలో, మధ్యాహ్నం ఇంట్లో తల్లితో. సగం మంది శ్రామిక కుటుంబాల పిల్లలు, సగం మంది మధ్యతరగతి వాళ్లు. 1984లో వాళ్లు వెల్లడించిన విషయం ఇప్పటికీ టీచర్లకి మింగుడు పడదు. ఇంట్లో ఈ పిల్లలు సగటున గంటకి 26 ప్రశ్నలు అడిగితే, నర్సరీలో అడిగినవి గంటకి రెండు. ఇంట్లో సంభాషణలు పొడుగ్గా, మెలికలు తిరుగుతూ సాగాయి. పిల్ల ఒక విషయం అర్థంకాక మళ్లీ మళ్లీ అడిగి, తల్లి జవాబులోని లొసుగు పట్టుకుని, కొసదాకా తేల్చుకునేదాకా వదల్లేదు. శ్రామిక కుటుంబాల ఇళ్లలోనూ ఇదే కనిపించింది. బళ్లో మాత్రం ప్రశ్నలు అడిగేది టీచరు. అదీ తనకి జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు: ఇదేం రంగు? ఇవి ఎన్ని? ముఖ్యంగా శ్రామిక కుటుంబాల పిల్లలు బళ్లో బాగా ముడుచుకుపోయారు. వాళ్లని చూసిన టీచరు, ఈ పిల్లలతో ఇంట్లో ఎవరూ మాట్లాడరు కాబోలనుకుంటే తప్పు పట్టలేం. రికార్డయింది మాత్రం అందుకు నేరుగా వ్యతిరేకం.

టీచరుగా పనిచేసిన మనిషిని కాబట్టి దీనికి కారణం నాకు తేలిగ్గానే అర్థమైంది. ఇంట్లో తల్లికీ పిల్లకీ మధ్య ఒక ఉమ్మడి గతం ఉంటుంది. పిల్ల "అప్పుడు వానలో పడింది కదా" అంటే చాలు, ఏది, ఎక్కడ, ఎప్పుడు అన్నది తల్లికి తెలుసు. టీచరుకి తెలియదు. "ఏంటమ్మా పడింది?" అని అడుగుతుంది, పక్కన ఇంకొకడు చొక్కా లాగుతుంటాడు, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. పిల్ల మాట సగంలో ఉండగా నేనెన్నిసార్లు "మంచిదమ్మా, కూర్చో" అని ఉంటానో. ఇందులో టీచరు మంచిదా చెడ్డదా అన్న ప్రసక్తి లేదు. ఆ ఉమ్మడి గతంలో కొంచెమైనా టీచరు చేతికి అందితే తప్ప ఆ పిల్లతో అసలైన మాట సాగదు. దాన్ని అందించగలిగింది ఇల్లే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. బళ్లో మౌనంగా ఉండే ప్రతి పిల్లా మా అమ్మాయిలాంటిదే అనుకుని ఊరుకోకూడదు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బళ్లో నెల దాటినా నోరు విప్పలేకపోతుంటే, చేరిన మొదటి నెల బెరుకు పోయాక కూడా అలాగే ఉంటే, అది సెలెక్టివ్ మ్యూటిజం కావచ్చు. అది ఆందోళన వల్ల వచ్చే సమస్య, మొండితనం కాదు. ముందుగా కనిపెడితే సాయం చేయొచ్చు. పిల్లకి వినికిడి లోపం ఉండొచ్చు, బడిలో వాడే భాష కొత్తదై ఉండొచ్చు. వీటిలో ఏది ఏదో తేల్చాలంటే మొదట కావలసిన సమాచారం 'ఇంట్లో ఎలా మాట్లాడుతుంది?' అన్నదే. డైరీలో వచ్చిన మాట ఆ ఒక్క ప్రశ్నా అడక్కుండా, జవాబు తనకి తెలుసన్నట్టు సలహా ఇచ్చింది.

గుండీల డబ్బా

పది రోజుల తర్వాత టీచరుని కలిశాను. పేరెంట్స్ మీటింగుల్లో ఒక్కొక్కరికీ దొరికే ఏడెనిమిది నిమిషాలు నాకూ దొరికాయి. మొదటి నాలుగు నిమిషాలూ నేను తప్పుగా మాట్లాడాను. మా అమ్మాయి ఎంత తెలివైనదో రుజువు చేయాలన్నట్టు అద్దం ప్రశ్నలన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ ముఖం బిగుసుకుంది. ఎలా బిగుసుకుందో నాకు బాగా తెలుసు, అటువైపు కుర్చీలో నేనూ అలాగే కూర్చున్నాను. తల్లి వచ్చి మా పిల్ల ఇంట్లో అన్నీ చేస్తుందంటే, టీచరుకి అది 'లోపం నీదే' అన్నట్టు వినపడుతుంది.

అప్పుడు ఆపి, "మీరేం చూశారో చెప్పండి" అన్నాను. ఆవిడ కాస్త ఆలోచించి, "మాట్లాడదు గానీ అండీ, ప్రతిదీ వరసగా పెడుతుంది. చెప్పులు, క్రేయాన్లు, వాటర్ బాటిళ్లు. ఎవరైనా కదిలిస్తే మళ్లీ సర్దుతుంది" అంది. ఇది నాకు తెలియదు. ఇంట్లో చెప్పులు వరసగా పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. కానీ అమ్మమ్మ కుట్టుమిషను పక్కనున్న గుండీల డబ్బా గుర్తొచ్చింది. మా అమ్మ దుస్తులు కుడుతుంటే పిల్ల పక్కన కూర్చుని గుండీలు వేరుచేస్తుంది. ముందు రంగుల్ని బట్టి వేరుచేసేది. తర్వాత ఎప్పుడో రంగులు వదిలేసి, రెండు కన్నాలవి ఒకవైపు, నాలుగు కన్నాలవి ఒకవైపు పెట్టడం మొదలుపెట్టింది. మా అమ్మ నేర్పలేదు. "నాలుగు కన్నాల నీలంది ఇవ్వు" అని అడుగుతుండేది, అంతే.

రెండు గుణాలని ఒకేసారి మనసులో పెట్టుకుని వస్తువుల్ని వేరుచేయడం ఆ వయసుకి చిన్న విషయం కాదు. లెక్కలకి పునాది అక్కడుంది. ఆ సంగతి నేను టీచర్ ట్రైనింగులో చదివాను, పరీక్ష రాశాను, కానీ నా ఇంట్లో జరుగుతుంటే గుర్తుపట్టలేదు. టీచరు చెప్పిన చెప్పుల వరసా, మా ఇంటి గుండీలూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఇద్దరికీ ఆ పిల్ల కనపడలేదు.

మర్నాడు గుండీల డబ్బా బడికి పంపాను. అద్భుతాలేమీ జరగలేదు. మా అమ్మాయి రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు కూడా. మూడో రోజు ఒక అబ్బాయి తెల్లగుండీలన్నీ ఒక కుప్ప వేస్తుంటే, "అందులో రెండు రకాలున్నాయి" అందిట. టీచరు డైరీలో ఆ మాటొక్కటే రాసి పంపింది, నా సంతకం అడగలేదు. ఆ ఏడాదంతా మా అమ్మాయి క్లాసులో తక్కువే మాట్లాడింది. కానీ ఆ తక్కువలో ఏముందో ఒకరికి తెలిసింది, అది నాకు చాలా పెద్ద తేడా.

'వాళ్లింట్లో ఏం నేర్పుతారు లెండి'

స్టాఫ్‌రూముల్లో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. కొన్నిసార్లు తలూపాను. దీనికి శాస్త్రం అండ కూడా దొరికింది. 1995లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అమెరికాలో 42 కుటుంబాలని పరిశీలించి, పేద ఇళ్ల పిల్లలు సంపన్నుల పిల్లల కంటే మూడు కోట్ల మాటలు తక్కువగా వింటూ పెరుగుతారని అంచనా కట్టారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. పథకాలు పుట్టాయి, పిల్లలతో మాట్లాడండంటూ తల్లులకి హితబోధలు పుట్టాయి. ఆ 42 కుటుంబాల్లో ప్రభుత్వ సాయం మీద బతికేవి ఆరంటే ఆరు. ఆ సంగతి మాత్రం ఎక్కువమంది దాకా వెళ్లలేదు. 2018లో డగ్లస్ స్పెర్రీ బృందం వేరే సముదాయాల్లో మళ్లీ లెక్కించి చూసింది. తల్లి పిల్లతో అన్న మాటలతో పాటు అక్కలూ, అవ్వలూ, ఇంట్లో మిగతావాళ్లూ పిల్ల చుట్టూ మాట్లాడినవి కూడా కలిపితే, ఆ తేడా ఒక్కో సముదాయంలో ఒక్కోలా వచ్చింది. పేద కుటుంబాల మధ్యే బోలెడంత తేడా కనిపించింది.

దీని మీద వాదన ఇంకా నడుస్తోంది. పక్కన ఎవరో మాట్లాడుకుంటుంటే చెవిన పడే మాట, పిల్ల కళ్లలోకి చూసి చెప్పే మాటతో సమానం కాదనే వాళ్ల మాటలో బలం ఉంది. నేను కూడా అది కాదనను. నా బాధ వేరు. ఒక ఇంట్లో మాటలు తక్కువని ముందే నమ్మిన టీచరు, ఆ ఇంటి తలుపు తట్టినా బోధించడానికే తడుతుంది, వినడానికి తట్టదు.

వినడానికి వెళ్లినవాళ్లున్నారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో లూయిస్ మోల్ అనే విద్యా పరిశోధకుడి బృందం కొందరు టీచర్లకి పరిశోధకుల్లా ప్రశ్నలు అడగడం నేర్పి, తమ విద్యార్థుల ఇళ్లకి పంపింది. ఎక్కువగా మెక్సికో మూలాలున్న శ్రామిక కుటుంబాలు. ఆ ఇళ్లలో వ్యవసాయం, మరమ్మతులు, ఇళ్ల నిర్మాణం, మూలికలు, వ్యాపారపు లెక్కలు ఎంత తెలిసినవాళ్లున్నారో చూసి టీచర్లే ఆశ్చర్యపోయారు. ఒక టీచరుకి తన క్లాసులో పిల్లవాడు మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయిలు చుట్టుపక్కల అమ్ముతాడని తెలిసింది. ఆ మిఠాయి చుట్టూ ఆవిడ లెక్కలూ, సైన్సూ, భాషా అల్లింది. ఒక తల్లి క్లాసుకి వచ్చి మిఠాయి చేసి చూపించింది. 1992లో వాళ్లు ఈ పని గురించి రాసిన వ్యాసాన్ని టీచర్ల శిక్షణలో ఇప్పటికీ చదువుతారు. చదివినవాళ్లలో ఇంటికి వెళ్లి ప్రశ్న అడిగేవాళ్లు ఎందరన్నది నన్ను వేధించే సంగతి. నేను వెళ్లలేదు.

నాకు మరీ ఇష్టమైనది ఇంకొకటుంది. 1970ల్లో లండన్‌లోని హారింగేలో ఆరేడేళ్ల పిల్లల చేత క్రమం తప్పకుండా పుస్తకం ఇంటికి పంపి, తల్లిదండ్రుల ముందు పైకి చదవమన్నారు. రెండేళ్లు నడిపారు. పోల్చి చూడటానికి మరికొందరు పిల్లలకి బళ్లోనే అనుభవమున్న టీచరుతో అదనంగా చదివించారు. పఠనంలో బాగా ముందుకెళ్లింది ఇంట్లో చదివిన పిల్లలు. ఆ తల్లిదండ్రుల్లో ఇంగ్లీషు రానివాళ్లున్నారు, అసలు చదువే రానివాళ్లున్నారు. వాళ్లు తప్పులు దిద్దలేరు, చేసిందల్లా కూర్చుని వినడం. 'మాకు చదువు రాదు టీచర్‌గారూ, మేమేం చెప్తాం' అని నా ఎదుట తలొంచుకుని నిలబడ్డ ఒక తండ్రికి ఇది చెప్పి ఉండాల్సింది. అప్పటికి నాకు తెలియదు. "ట్యూషన్ పెట్టించండి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

ఇంతకీ హారింగేలో ఇంటికి వెళ్లింది బడి పనే కదా, నీ వాదనకి ఇది ఎదురు కాదా అని అడగొచ్చు. కొంతవరకు ఎదురే. బడి నుంచి ఇంటికి ఏదీ పోకూడదని నేననను. ఒక కథ, ఒక పుస్తకం, కలిసి కూర్చోవడానికి ఒక సాకు వెళ్తే మంచిదే. పదిసార్లు ఒకే అక్షరం దిద్దించే కాగితం మాత్రం వద్దు. దాన్ని చేయించడానికి కూర్చున్న తల్లి ముప్పావుగంట పోలీసైపోతుంది. ఆ ముప్పావుగంటలో ఆగిపోయిన ప్రశ్నల సంగతి ఎవరూ లెక్కెయ్యరు.

నాకున్న అనుమానాలు

టీచరుకి టైమేదీ? ఇది సాకు కాదు, నిజమైన అడ్డంకి. అమెరికాలో మిషిగన్‌లోని యిప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం గురించి విననివాళ్లు ఈ రంగంలో ఉండరు. ఆ ప్రీస్కూలుకి వెళ్లినవాళ్లూ, పోలికకి తీసుకున్న వెళ్లనివాళ్లూ కలిసి 123 మంది పిల్లలు, దశాబ్దాల తరబడి వాళ్ల జీవితాల మీద వచ్చిన ఫలితాలు. ప్రీస్కూలు చదువు ఎంత మంచిదో చెప్పడానికి అందరూ దాన్నే చూపిస్తారు. ఆ ప్రీస్కూలు టీచర్లు ప్రతి వారం తమ క్లాసులోని ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి గంటన్నర గడిపేవాళ్లన్న సంగతి మాత్రం చాలాసార్లు జారిపోతుంది. ఆ ఫలితంలో క్లాసు వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అని విడదీయడానికి వీల్లేదు. అయితే అక్కడ ఒక్కో టీచరుకి ఐదారుగురు పిల్లలు. ముప్పై మంది ఉన్న టీచరుని వారానికి ముప్పై ఇళ్లకి వెళ్లమనడం అన్యాయం. నేనడిగేది అంత కాదు. ఏడాది మొదట్లో ఒక్కో కుటుంబంతో పావుగంట, అందులో మాట్లాడేది ఎక్కువగా ఇంటివాళ్లు. ముప్పై మందికి కలిపి ఏడున్నర గంటలు. వార్షికోత్సవం డాన్సులకి నేను పెట్టిన గంటలు ఇంతకి చాలా రెట్లు.

రెండో అనుమానం నన్ను ఎక్కువ తొలిచేది. బడి వినడం మొదలుపెడితే ముందు వినపడేది ఎవరి గొంతు? నాలాంటి వాళ్లది. మాట నేర్చినవాళ్లది, పనిదినం మధ్యాహ్నం మూడింటికి రాగలిగినవాళ్లది. రాత్రి షిఫ్టు చేసి వచ్చే తల్లి, బడి అంటే చిన్నప్పటి దెబ్బలే గుర్తొచ్చే తండ్రి గేటు దగ్గరే ఆగిపోతారు. అప్పుడు ఈ భాగస్వామ్యం మా అమ్మాయికి ఇంకాస్త మేలు చేసి, ఆ పిల్లల్ని ఇంకాస్త వెనక్కి నెడుతుంది. అందుకే 'ఎవరైనా రావచ్చు' అని తలుపు తెరిచి ఊరుకుంటే చాలదు. రానివాళ్లకి ముందు ఫోన్ చేయాలి. ఆ మొదటి ఫోన్ ఫిర్యాదు కోసం కాకూడదు. బడి నుంచి ఫోనొస్తే గుండె గుభేలుమనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. 'మీ బాబు ఇవాళ చీమల బారుని అరగంట చూశాడు, ఇంట్లో కూడా అంతేనా?' అని ఒక్క ఫోన్ చేసి చూడండి. ఆ తండ్రి తర్వాతి మీటింగుకి వస్తాడని హామీ ఇవ్వలేను, కానీ ఈసారి ఫోనెత్తడానికి భయపడడు.

మూడోది గోప్యత. ఇంట్లో గొడవలు, అప్పులు, జబ్బులు అన్నీ బడికి చెప్పాలా? అక్కర్లేదు. ఆ ఏడాదే మా ఇంట్లో ఒక కష్టం వచ్చింది, నేను టీచరుకి చెప్పలేదు. చెప్పిందల్లా, "ఒక నెలపాటు మా అమ్మాయి తొందరగా ఏడుస్తుంది, కారణం అడక్కండి" అని. ఆవిడ అడగలేదు. నమ్మకం అంటే నాకు ఆ నెలలోనే అర్థమైంది. గడప దాటి ఏది బయటికి వెళ్లాలో నిర్ణయించుకునే హక్కు ఇంటిదే అయితేనే ఇల్లు నోరు విప్పుతుంది.

ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో రోజూ నలభై ఫొటోలొస్తాయి. తల్లిదండ్రులతో అనుబంధం బాగా పెరిగిందని బడులు సంబరపడుతున్నాయి. ఫొటోలు చూసి నేనూ మురిసిపోతాను. కానీ గ్రూపు సెట్టింగు ఒకసారి చూడండి: చాలావాటిలో మెసేజ్ పెట్టగలిగేది అడ్మిన్ ఒక్కరే.

మా అమ్మాయి ఇప్పుడు పై క్లాసుకి వెళ్లింది. కొత్త టీచరు, కొత్త డైరీ, అదే గీత. పాత టీచరు ఏడాదంతా గమనించినదంతా ఆవిడ తలలోనే ఉండిపోయింది. కొత్తావిడకి అందింది గ్రేడుల కాగితం ఒక్కటే. మొదటివారం నేను ఒక తెల్లకాగితం తీసుకుని, డైరీలో సంతకం గీత పక్కన పిన్ను కొట్టాను. అందులో ఇలా రాశాను: "గుండీల గురించి పాత టీచర్‌గారు చెప్తే దయచేసి పట్టించుకోకండి, అది అయిపోయింది. ఇప్పుడు తన ధ్యాసంతా నీడల మీద ఉంది. మధ్యాహ్నం నీడ పొట్టిగా ఎందుకైపోతుందని రోజూ అడుగుతోంది, నేనింకా చెప్పలేదు. మీ దగ్గర ఏం అడుగుతోందో వీలైతే ఈ కాగితం వెనక రాయండి."